పదకొండు అడుగుల గోడ

మా ఇంటి వెనక ఉన్న షెడ్డుకి పెదనాన్న సందర్భాన్ని బట్టి పేరు పెట్టేవాడు. పన్ను వేసేవాళ్ళు వస్తే అది పాక. చుట్టాలు వస్తే గోడౌను. నా మీద కోపం వస్తే ఆ కొంప. బీమా ఏజెంటు వచ్చిన రోజున మాత్రం దానికి అవుట్‌హౌస్ అనే హోదా దక్కింది.

పన్నెండు అడుగుల వెడల్పు, పద్దెనిమిది అడుగుల పొడవు, ఇటుక గోడలు, పైన రేకులు. మా నాన్న కట్టుకున్నది. అన్నదమ్ములిద్దరూ పంచుకున్నప్పుడు పెదనాన్న ఇల్లు తీసుకుని, వెనక జాగా నాన్నకి వదిలాడు. మాటగా అనుకున్నదే, కాగితం లేదు. ఆ జాగాలో నాన్న షెడ్డు వేసుకుని పుస్తకాలు బైండు చేసేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఐదేళ్ళ క్రితం నాన్న కూడా పోయాక, రాత్రి పడుకోవడానికి పెదనాన్న ఇంట్లో చిన్న గది, పగలు పని చేసుకోవడానికి షెడ్డు నాకు మిగిలాయి. నాన్న చేసిన పనే నేనూ చేస్తున్నాను. మడిచిన కాగితాల ఫారాలు కుట్టడం, అట్టలు కొయ్యడం, బట్ట అంటించడం, ప్రెస్సులో బిగించడం.

పెదనాన్న తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. వీధిలో ఆయన్ని తక్కెడగారు అంటారు, వెనకాల. ఎవరిని చూసినా ముందు వాళ్ళు ఎంత తక్కువున్నారో చూస్తాడు. కూరగాయల కొట్టువాడు ఈయన్ని చూడగానే ఒక వంకాయ ఎక్కువ వేస్తాడు. దాన్ని పెదనాన్న గౌరవం అనుకుంటాడు.

మూడేళ్ళ క్రితం ఇంటికి బీమా చేయించాలని ఆయనకి బుద్ధి పుట్టింది. ఏజెంటు వచ్చి ముందు గదిలో ఫ్యాను కింద మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు. లేచి ఇల్లు చూడలేదు. ఫారంలో ఒక వరుస ఉంది. ఆవరణలో ఉన్న మిగతా కట్టడాలు, అవి దేనికి వాడుతున్నారు అని. అందులో సంపాదన కోసం ఏదైనా పని జరుగుతుంటే ఈ పాలసీ వర్తించదని, దానికి వేరే పాలసీ తీసుకోవాలని, అది కాస్త ఎక్కువవుతుందని ఏజెంటు చెప్పాడు. నేను అప్పుడు టీ తీసుకుని వెళ్ళాను.

"పనా? మా తమ్ముడి కూతురు ఏవో అట్టలు అంటించుకుంటూ ఉంటుంది. దానికి కాలక్షేపం, మాకు బంక వాసన," అన్నాడు పెదనాన్న.

ఏజెంటు నన్ను చూసి నవ్వి, ఆ వరుసలో 'పాత సామాను' అని రాసుకున్నాడు. ఆ నెల నేను ఒక ఆసుపత్రికి రెండు వందల రిజిస్టర్లు బైండు చేసి ఇచ్చాను. ఇంటి కరెంటు బిల్లు ఆ కాలక్షేపంతోనే కట్టారు. నేను కప్పులు అక్కడ పెట్టి వచ్చేశాను.

ఈ వేసవి చివర్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఒక అరగంట. షెడ్డు మీది రేకులు లేచి పక్కవాళ్ళ పెరట్లో పడ్డాయి. ఉత్తరపు గోడ లోపలికి కూలింది. తూర్పు గోడ సగానికి విరిగింది. కట్టింగ్ మిషన్ మీద ఒక్క ఇటుక కూడా పడలేదు. ప్రెస్సు మాత్రం ఇటుకల కింద ఉండిపోయింది. దాన్ని బయటికి తీసి, మర తిప్పి చూస్తే తిరిగింది. కాలేజీ లైబ్రరీ వాళ్ళు ఇచ్చిన మూడు వందల పుస్తకాలు ఇనప పెట్టెల్లో ఉన్నాయి కాబట్టి బతికిపోయాయి.

ఆ పుస్తకాలు కాలేజీ తెరిచేలోగా ఇవ్వాలి. ముప్పై ఐదు రోజులుంది. ఇవ్వలేకపోతే వచ్చే ఏడు పని ఇంకొకరికి వెళ్ళిపోతుంది. నాకు ఏడాది గడిచేది ఆ ఒక్క కాలేజీ పని మీదే. నాకు కావలసింది నాలుగు గోడలు, పైన రేకు. బీమా ఉంది కదా, ఆ గది మళ్ళీ కట్టిద్దామని పెదనాన్నని అడిగాను.

ఆయన పాలసీ కాగితాలు మొదటిసారి ఆ రోజే చదివాడు. కళ్ళజోడు తుడుచుకుంటూ, పక్కన ఎర్ర పెన్సిలు పెట్టుకుని, దుకాణం మీద దాడి చేసినట్టు చదివాడు. ఇంటికైతే పూర్తి విలువ. ఇంటికి ఖాళీ జాగా వదిలి విడిగా ఉన్న కట్టడమైతే ఇంటి విలువలో పదో వంతు వరకే. అది చదివి ఆయన చాలాసేపు బాధపడ్డాడు. తమ్ముడు పోయినప్పుడు అంతసేపు బాధపడలేదు.

కిందికి చదివితే ఇంకొక మాట దొరికింది. ఇంటికి గోడతోనో కప్పుతోనో కలిసి ఉన్నది ఏదైనా ఇంట్లో భాగమే. కంచె, తీగ, పైపు ఉన్నంత మాత్రాన కలిసినట్టు కాదు. పెదనాన్న ఎర్ర పెన్సిలుతో ఆ మాట కింద రెండుసార్లు గీత గీశాడు. తరవాత టేపు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. ఇంటి వెనక గోడకీ షెడ్డు దక్షిణపు గోడకీ మధ్య పదకొండు అడుగులు వచ్చింది. మళ్ళీ కొలిచాడు. పదకొండే.

క్లెయిము ఆ సాయంత్రమే పంపించాడు. సర్వేయరు శుక్రవారం వస్తారని జవాబొచ్చింది.

బుధవారం పొద్దున్నే మేస్త్రిని పిలిపించాడు. నా పని మళ్ళీ మొదలవుతుందని నేను ఇటుకలు ఏరి పక్కన పేర్చి పెట్టుకున్నాను, పనికొచ్చేవి ఒక వరుస, విరిగినవి ఒక వరుస. మేస్త్రి వచ్చి వాటిని చూసి, నువ్వు పేర్చావా, బాగా పేర్చావు అన్నాడు. అప్పుడు పెదనాన్న వచ్చి ఆ ఇటుకలతోనే ఇంటి నుంచి షెడ్డు దాకా గోడ కట్టమన్నాడు. గోడ మీద ఎగిరిపోయిన రేకుల్లోంచి రెండు తెచ్చి వాలుగా వెయ్యమన్నాడు. కొత్త ఇటుక ఒక్కటి కొనే పని లేదు.

మేస్త్రి తలగోక్కున్నాడు. "కూలిన గది వదిలేసి, ఏమీ లేనిచోట గోడ కట్టమంటున్నారు. నాకు అర్థం కావట్లేదండీ."

"నీకు అర్థం కాకపోవడమే మంచిది. కట్టు."

నా ఇటుకలు ఒక్కొక్కటే వెళ్ళిపోతుంటే నేను చూస్తూ నిలబడ్డాను. పెదనాన్న నా దగ్గరికి వచ్చి, సర్వేయరు వచ్చినప్పుడు బంక డబ్బా, దారపు ఉండలు, అట్టలు ఏవీ కనపడకూడదని, కట్టింగ్ మిషన్ని టార్పాలిన్‌తో కప్పి పాత కుట్టు మిషన్ అని చెప్పమని అన్నాడు. నేను మాట్లాడకుండా ఉంటే చాలట. డబ్బు రాగానే గది కట్టించి అందులో నాకొక మూల ఇస్తాడట. మాట్లాడకుండా ఉండటం నీకు బాగా వచ్చుగా అని నవ్వాడు కూడా. ఆయన నవ్వడం అరుదు. నవ్వినప్పుడు పై వరుస పళ్ళు ఒక్కటే కనపడతాయి.

మధ్యాహ్నం మేస్త్రి నీళ్ళడిగాడు. చెంబు ఇస్తే తాగి, గొంతు తగ్గించి అన్నాడు. "అమ్మాయీ, కొత్త గదికి ఎనిమిది అడుగుల షట్టరు పడుతుందా, చూసి చెప్పమన్నాడు మీ పెదనాన్న. పుస్తకాలు కుట్టుకునేదానికి అంత తలుపెందుకు?"

పుస్తకాలకి అక్కర్లేదు. కారుకి కావాలి. మా అక్క మొగుడు, అంటే పెదనాన్న అల్లుడు, కొత్త కారు కొన్నాడు. వాళ్ళు వచ్చి రెండు రోజులున్నా ఆ కారు వీధిలో ఎండలో ఉండాలి. దానికి ఎండ తగిలితే పెద్దమ్మకి తలనొప్పి వస్తుంది. నాకు ఇస్తానన్న మూల ఏ టైరు వెనకాలో ఊహించుకోవడానికి ప్రయత్నించాను. కుదరలేదు.

సాయంత్రానికి గోడ లేచి, సిమెంటు పూత పడింది. ఎంత పాతగా కనపడాలో అంత కొత్తగా కనపడింది. పెదనాన్న దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఆలోచించాడు. టీ డికాషను పూస్తే ఇరవై ఏళ్ళ నాటి గోడలా ఉంటుందని ఆయనకి ఎక్కడో తెలిసిందట. కాగితం మీద లెక్క రాసి పెద్దమ్మకి ఇచ్చాడు. రెండు లీటర్ల నీళ్ళకి నూట యాభై గ్రాముల పొడి, పావుగంట మరగాలి, చల్లారాక పూయాలి.

గోడకి నూట యాభై గ్రాముల టీపొడి పొయ్యడానికి పెద్దమ్మకి మనసు రాలేదు. ఆవిడ ఇంటికి వచ్చినవాళ్ళకి టీ ఇచ్చేటప్పుడే కప్పు కాస్త వెలితిగా ఇస్తుంది. బుధవారం నుంచి గురువారం మధ్యాహ్నం దాకా ఇంట్లో మిగిలిన టీ అంతా, కప్పుల అడుగున ఉన్నదీ, వడగట్టిన పిప్పిని మళ్ళీ మరగబెట్టిందీ, ఒక బకెట్లో పోసి ఉంచింది. అందులో పాలున్నాయి, పంచదార ఉంది. చీపురు ముంచి గోడ మొత్తం పూసింది. పెదనాన్న కొలతల ప్రకారమే జరిగిందనుకుని, గోడని దూరం నుంచి ఒకసారి, దగ్గరి నుంచి ఒకసారి చూసి, వయసు వచ్చేసిందోయ్ అన్నాడు. గోడ మాత్రం జబ్బు పడి లేచిన మనిషిలా ఉంది.

శుక్రవారం పొద్దున పది గంటలకి సర్వేయరు వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. చెప్పులకి మట్టి, భుజాన సంచీ. పెదనాన్న ముందు గదిలో కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. తన స్టీలు టేపు ఇవ్వబోయాడు, ప్రభుత్వ ముద్ర ఉన్నది, ఇంత ఖచ్చితమైనది ఎక్కడా దొరకదని చెప్పాడు. నా దగ్గరుందండి అని ఆవిడ నేరుగా పెరట్లోకి నడిచింది. మేస్త్రి కూడా అప్పటికే వచ్చి పెరటి గుమ్మం దగ్గర కూర్చుని ఉన్నాడు. కూలీలో కొంత ఇంకా రావాలట.

ఆవిడ ముందు కూలిన గది చూసింది. ఫోటోలు తీసుకుంది. తరవాత గోడ దగ్గరికి వచ్చి ఆగింది. గోడ నిండా చీమలు. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, మధ్యలో అడ్డంగా, నల్లటి వరుసలు. పూత ఎక్కడ చిక్కగా పడిందో అక్కడ గుంపులు.

పెదనాన్న ముందుకు వచ్చాడు. "పాత గోడ కదండీ. మా నాన్నగారి కాలం నాటిది. చీమలు పుట్ట పెట్టేశాయి."

"పుట్ట పెట్టలేదండీ. గోడని నాకుతున్నాయి," అంది సర్వేయరు.

మేస్త్రి దగ్గాడు. దగ్గు ఆపుకోవడానికి ఇంకా దగ్గాడు. పెద్దమ్మ వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండి ఒక్కసారి పక్కకి తప్పుకుంది. సర్వేయరు గోటితో పూతని గీసింది. గోటికి పచ్చి సిమెంటు వచ్చింది. దాన్ని కొంగుకి తుడుచుకోకుండా కాగితం ముక్కకి తుడుచుకుని, ఆ కాగితాన్ని మడిచి సంచీలో పెట్టుకుంది. అప్పుడు నా వైపు తిరిగింది.

"నువ్వు చెప్పమ్మా. ఈ గోడ ఎప్పటిది?"

పెదనాన్న నన్ను చూశాడు. కొట్టువాళ్ళు తక్కువ తూచినప్పుడు చూసే చూపు. నేను ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. పాతదంటే డబ్బొస్తుంది, షట్టరొస్తుంది, కారొస్తుంది. కొత్తదంటే ఏమీ రాదు. రెండింట్లో దేంట్లోనూ నాకు గది లేదు. అందుకని నిజం చెప్పడం కష్టమనిపించలేదు.

"బుధవారం కట్టారండి," అన్నాను. "అంతకు ముందు ఇక్కడ ఖాళీ. పదకొండు అడుగులు. ఆ గదిలో నేను పుస్తకాలు బైండు చేస్తాను. నాకంటే ముందు మా నాన్న చేసేవాడు."

ఎవరూ అరవలేదు. కిటికీలోంచి పెద్దమ్మ మాత్రం, ఇన్నాళ్ళూ దీనికి నోరు లేదనుకున్నాం అంది.

సర్వేయరు పుస్తకంలో రాసుకుంటూ, తల ఎత్తకుండా, రాసింది ఒకటీ ఉన్నది ఒకటీ అయితే మొత్తం పాలసీయే రద్దవుతుందని చెప్పింది. కావాలని గోడ కట్టి మరీ చూపిస్తే దాన్ని మోసం అంటారని, అలాంటివి పైకి పంపించాల్సి ఉంటుందని, పోలీసుల దాకా వెళ్ళినవి కూడా ఉన్నాయని చెప్పింది. ఏ బెదిరింపూ లేకుండా, రేపు నీళ్ళు రావు అని చెప్పినట్టు చెప్పింది.

పెదనాన్న ముఖంలో రంగు మారింది. ముప్పై ఏళ్ళు సర్కారు కొలువు చేసినవాణ్ణి అన్నాడు. పెన్షను మీద బతుకుతున్నవాణ్ణి అన్నాడు. ఆ రెండు మాటలూ సర్వేయరు రాసుకోలేదు. అప్పుడు ఆయన నా వైపు వేలు చూపించాడు.

"అసలు ఈ గోడతో నాకేం సంబంధం లేదండీ. ఆ షెడ్డు నాది కాదు. మా తమ్ముడిది, వాడు పోయాక దీనిది. బీమా వస్తుందని ఆశపడి ఇదే కట్టించింది. నాకు చెప్పనైనా చెప్పలేదు."

మేస్త్రి ఈసారి దగ్గలేదు. ఆకాశంలోకి చూశాడు. నేను పెదనాన్నని చూశాను. ఆయనకి సిగ్గేమీ లేదు. పైగా దారి దొరికినందుకు ఊపిరి తేలికైంది. నా చిన్నప్పుడు ఒకసారి, నాన్న బైండు చేసిన లెక్కల పుస్తకాన్ని తన ఆఫీసులో తనే చేసినట్టు చెప్పుకుని మెప్పు పొందాడట. పొగడ్త అయితే తనది, తప్పయితే పక్కవాడిది. ఆయన జీవితమంతా ఆ ఒక్క తూకమే సరిగ్గా తూచాడు.

సర్వేయరు రాయడం ఆపింది. నన్ను ఒకసారి, మేస్త్రిని ఒకసారి, చివరికి పెదనాన్నని చూసింది.

"షెడ్డు ఈ అమ్మాయిదంటారు."

"ముమ్మాటికీ."

"కింద జాగా?"

"అదీ దానిదే. వాళ్ళ నాన్న వాటా."

"మీకు అందులో ఏ హక్కూ లేదు."

"నాకెందుకండీ ఆ కొంప."

"అయితే ఆ ముక్కలే రాసివ్వండి. షెడ్డూ జాగా మీవి కావు, ఈ అమ్మాయివి. పొరపాటున క్లెయిము వేశారు, వెనక్కి తీసుకుంటున్నారు. క్లెయిమే లేకపోతే ఇక నేను పైకి పంపించడానికి ఏమీ ఉండదు."

పెదనాన్న అంత హుషారుగా కుర్చీ తెచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. పెరట్లోనే కూర్చుని, ఒళ్ళో అట్ట పెట్టుకుని రాశాడు. ఆయన దస్తూరి చక్కనిది. జాగా పొడవు, వెడల్పు, ఏ దిక్కున ఎవరి గోడ ఉందో అన్నీ రాశాడు. అలవాటు. పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన భుజం మీదుగా చదివింది. చదువుతున్నకొద్దీ ఆవిడ ముఖం మారింది.

"ఏమండీ, జాగా మాట ఎందుకూ..."

"నువ్వూరుకో. ఆఫీసు వ్యవహారాలు నీకేం తెలుసు."

సంతకం పెట్టి, తారీకు వేసి, సంతకం కింద ఒక గీత కూడా గీశాడు. నాకూ ఒక కాగితం ఇలాంటిదే కావాలండి అని నేను సర్వేయరుతో అన్నాను. ఆవిడ పెదనాన్న వైపు చూసింది. పెదనాన్న విసుక్కుంటూనే రెండోది కూడా రాసి, చదవకుండా సంతకం పెట్టాడు. సర్వేయరు మేస్త్రిని పిలిచి రెండింటి మీదా సాక్షి సంతకం పెట్టించింది. మేస్త్రి తన పేరు కూడబలుక్కుని, చాలా జాగ్రత్తగా రాశాడు.

పోతూ పోతూ ఆవిడ నాతో ఒక్క మాట అంది. గది లేచాక, అందులో ఏం పని చేస్తావో ఉన్నది ఉన్నట్టు చెప్పి నీ పేరున బీమా చేయించుకో అని. దీనికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో ఒక చీటీ మీద రాసిచ్చింది. జాలిపడలేదు. నాకు అది నచ్చింది.

పెదనాన్న ముందు గదిలోకి వెళ్ళి ఫ్యాను వేసుకున్నాడు. గండం గడిచినట్టే ఉన్నాడు. ఆ కాగితంలో ఏముందో ఆయనకి తెలియడానికి మధ్యాహ్నం భోజనం దాకా పట్టింది. పెద్దమ్మ చెబితే తెలిసింది. అప్పటికి నేను మేస్త్రితో మాట్లాడుకున్నాను. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది, ఇటుకలు దెబ్బ తినకుండా వస్తాయి అన్నాడు. కాలేజీ వాళ్ళు ముందుగా ఇచ్చింది నా దగ్గర కొంత ఉంది. రోజుకి ఇంతని మాట్లాడుకుని, గోడకి పై వరుస నుంచి గునపం పెట్టించాను.

పెదనాన్న పెరటి గుమ్మం దాకా వచ్చాడు. చేతికి ఇంకా అన్నం మెతుకులున్నాయి.

"ఆపు. ఆ గోడకి కూలీ నేనిచ్చాను. అది నా గోడ."

"నేను కట్టించానని చెప్పారు కదా పెదనాన్నా," అన్నాను. "మీకు చెప్పకుండా."

ఆయన మేస్త్రి వైపు చూశాడు. మిగిలిన కూలీ ఇవ్వనేలేదు కదండీ అని మేస్త్రి మెల్లిగా గుర్తు చేశాడు. పెద్దమ్మ వెనక నిలబడి, ఆ జాగా పత్రం వెనక్కి అడగండి, మీరు పెద్దవారు, అడిగితే ఇవ్వక ఏం చేస్తుంది అని చెవిలో చెబుతోంది. అందరికీ వినపడేంత గట్టిగా చెబుతోంది. పెదనాన్న అడగలేదు. అడగడానికి ఒక మాట కావాలి. ఉన్న మాటలన్నీ పొద్దున్నే రాసి ఇచ్చేశాడు.

నేను ఇటుకలకి అంటిన సిమెంటు గీకి మేస్త్రికి అందిస్తూ వచ్చాను. సాయంత్రానికి ఉత్తరపు గోడ మోకాలెత్తు లేచింది. పెదనాన్న మమ్మల్ని చూడకుండా ఉండటానికి తన గది కిటికీ తలుపులు మూసుకున్నాడు. లోపల ఉక్క. పది నిమిషాలు కూడా ఆగలేక మళ్ళీ తెరిచాడు.